బొట్టు పెట్టిన కీబోర్డులు

ఇరవై కీబోర్డులు ఒకే రోజున, ఒకే మీట దగ్గర, ఒకే రకంగా చెడిపోతాయా? మా ఊళ్లో సైకిళ్లకు పంక్చర్లు వేసే మనిషిని అడిగినా "అదెట్ల అవుతాదప్పా" అని నవ్వుతాడు. కానీ పెద్ద చదువు చదివి, కంప్యూటర్ విభాగానికి హెడ్డుగా కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మాత్రం అవుతుందన్నాడు. అవుతుందని నమ్మి ఒక ఆడమనిషి నోటికాడి కూడు తీసేయబోయాడు. ఆ సంగతి తలుచుకుంటే ఈరోజుకీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

హోసూరు నుంచి శూలగిరి పోయే దారిలో, హైవే పక్కన, ఒక చిన్న కంప్యూటర్ కాలేజీ ఉండేది. ఇప్పుడు లేదు. ఆ కట్టడంలో ఎవరో మామిడి గుజ్జు డబ్బాలు నిలవ పెట్టుకుంటున్నారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను అక్కడ ల్యాబు చూసుకునేవాణ్ణి. పాఠం చెప్పేదీ నేనే, మెషీను మొరాయిస్తే విప్పి చూసేదీ నేనే. నేను కుందారపల్లి నుంచి బస్సులో వచ్చేవాణ్ణి, హెడ్డు హోసూరు నుంచి కారులో వచ్చేవాడు.

ల్యాబులో ఇరవై మెషీన్లు. పక్కన అద్దాల గదిలో ఒక సర్వరు, దాంట్లో లైనక్స్ అనే సిస్టం. పిల్లలు ఇరవైలో ఏ మెషీను ముందు కూర్చున్నా, వాళ్లు కొట్టిందంతా సర్వరుకు పోయి, పని అక్కడ జరిగి, జవాబు మాత్రం వాళ్ల తెర మీదికి వచ్చేది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి చాలు. మా హెడ్డు తలకెక్కనిది కూడా ఈ ఒక్క ముక్కే.

ల్యాబుకు ఒక ఆయమ్మ ఉండేది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. తళి పక్క పల్లె ఆమెది. ఇంటాయన ఉన్న కాస్త నేలలో చామంతులు, క్యాబేజీ పండించేవాడు. ఆమె రెండు బస్సులు మారి అందరికంటే ముందు వచ్చేది. తాళాలు తీసి, ఊడ్చి, తుడిచి, ఒక్కో మెషీను మీది గుడ్డ తీసి మడిచి పెట్టేది. గోడలకు రంగులేసే బ్రష్షు ఒకటి యాడ నుంచో తెచ్చుకుని, మీటల సందుల్లో దుమ్ము దులిపేది. అది ఆమెకు ఎవరూ చెప్పిన పని కాదు. కాలేజీ తెరిచినప్పటి నుంచి ఎనిమిదేళ్లుగా చేస్తోంది, ఇంకా టెంపరరీనే. ఆ ఏడు దీపావళికి పర్మనెంటు ఆర్డరు ఇస్తామని మాట ఇచ్చారు. ఆ ఆర్డరు వస్తే కూతుర్ని కృష్ణగిరిలో నర్సు కోర్సులో చేర్పించాలని ఆమె ఆశ.

ఆయుధపూజ సంగతి మా వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. హోసూరులో లేతు మిషన్ల దగ్గర్నుంచి ఇడ్లీ కొట్టు గ్రైండరు దాకా ఆరోజు బొట్టు పెట్టించుకోని వస్తువు ఉండదు. కాలేజీకి సెలవు కాబట్టి మేము ముందు రోజే చేసుకునేవాళ్లం. అక్క తళి నుంచి పెద్ద సంచి నిండా చామంతులు తెచ్చింది. సరస్వతి పటం ముందు బల్ల వేసి, పుస్తకాలు, స్క్రూడ్రైవర్లు, సీడీల డబ్బా పేర్చింది. తర్వాత ఇరవై కీబోర్డులకు చందనం, కుంకుమ పెట్టింది. ఎక్కడ పెట్టిందో చెప్పాలి. మీటల మీద కాదు; పైన, మీటలు లేని అంచు మీద, ఉంగరం వేలితో చిన్న చుక్క. మీటల మీద పెడితే లోపలికి దిగుతుందని ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్లుగా అక్కడే పెడుతోంది.

ఆరోజు హెడ్డు కూడా తక్కువ తినలేదు. కారుకు మూడు చారల విభూతి, బానెట్టు మీద అరచేతంత బొట్టు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఆయనే స్వయంగా బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులూ గుగ్గిళ్లూ తిని, మూతి తుడుచుకుంటూ నన్ను పిలిచాడు.

"సెలవులు అయి కాలేజీ తెరిచిన మర్నాడే హోసూరు ఫ్యాక్టరీ వాళ్లు వస్తా ఉండారప్పా. మన పిల్లోళ్లను తీసుకుంటారంట. వాళ్లకు పైథాన్ చూపించల్ల. పాతది వద్దు, కొత్త వెర్షను వెయ్యి. నేను బెంగుళూరు నుంచి తెప్పించినాను."

పైథాన్ అనే భాష అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. దాంట్లో ఇంటర్‌ప్రెటర్ అని ఒక సదుపాయం. ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కితే అప్పటికప్పుడే జవాబు చెబుతుంది. మనం ఒకటంటే అది ఒకటంటుంది, ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు. తప్పు కొడితే మళ్లీ మొదటి నుంచి కొట్టనక్కర్లేదు. పైబాణం మీట నొక్కితే ఇందాకటి లైను తిరిగొస్తుంది, దిద్దుకుని మళ్లీ ఎంటర్ కొట్టడమే. పిల్లలకు దాన్ని చూస్తేనే భాష మీద ఇష్టం పుట్టేది.

కొత్త వెర్షను సోర్సు కోడుగా, అంటే విడి ఇటుకల్లా, వచ్చింది. దాన్ని మన లైనక్సులో మనమే కట్టుకోవాలి. కట్టేటప్పుడు లైనక్స్ సీడీల నుంచి ఏవైనా ఫైళ్లు కావాల్సి రావచ్చు. మూడు సీడీల్లో మొదటిది సర్వరులోనే ఉంది. రెండోది, మూడోది పూజలో ఉన్నాయి. నేను బల్ల దగ్గరికి పోయి చెయ్యి చాపాను.

అక్క అడ్డం వచ్చింది. "అప్పా, పూజలో పెట్టింది ముట్టగూడదు. మరుపూజ అయినాక నేనే తీసిస్తాను. ఇప్పుడేమి తొందర?"

పూజలో పెట్టిన వస్తువు మర్నాటి మరుపూజ దాకా కదల్చకూడదు. మా ఇంట్లో మా అమ్మ కూడా అంతే, కొడవలిని కూడా ముట్టనివ్వదు. మా కాలేజీలో నడుమ సెలవులు కాబట్టి, మరుపూజ మళ్లీ తెరిచిన రోజు పొద్దున. నాకు ఆమెతో వాదించాలని అనిపించలేదు. ఒక్క సీడీ చాల్లే అనుకుని వెనక్కి వచ్చి, ఉన్నదాంతోనే కట్టడం మొదలుపెట్టాను. తెర మీద లైన్లు బొరుగులు పోసినట్టు జలజలా పారాయి. ఎక్కడా ఎర్రర్ అని ఆగలేదు. సాయంత్రానికి పైథాన్ నడిచింది. రెండూ రెండూ కలిపితే నాలుగు అంది. నేను సంతోషంగా కుందారపల్లి బస్సెక్కాను.

సెలవులు అయి కాలేజీ తెరిచారు. అక్క మరుపూజ చేసి సీడీల డబ్బా నా టేబుల్ మీద పెట్టి పోయింది. కాసేపటికి హెడ్డు ల్యాబుకు వచ్చి, రేపు తానే చూపిస్తానని, మొదటి మెషీను ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. ఒక లైను తప్పు పోయింది. పైబాణం నొక్కాడు. లైను తిరిగి రాలేదు. తెర మీద ఒక టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, ఇంగ్లీషు ఏ అక్షరం పడ్డాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే చెత్త. ఎడమ బాణం నొక్కితే చివర ఏ బదులు డి పడింది. పక్క మెషీనుకు పోయాడు, అక్కడా అంతే. ఇరవై మెషీన్లూ తిరిగాడు, ఇరవైలోనూ అంతే.

అప్పుడు ఆయన కంటికి కీబోర్డు అంచున ఉన్న కుంకుమ చుక్క కనిపించింది.

"ఎవురు పెట్టింది ఇది?" అని అరిచాడు. అక్క చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది. "నేనే సార్. ఏటేటా పెట్టేదే కదా."

"కీబోర్డుకు చందనం పూస్తారా ఎవురైనా? ఇదేమన్నా ట్రాక్టరా? లోపలికి పోయి అన్నీ పాడైపోయినాయి. రేపు ఫ్యాక్టరీ వాళ్ల ముందర నా పరువు ఏం కావల్ల?"

పిల్లలందరి ముందూ అన్నాడు. ఆమె కంటే పదేళ్లు చిన్నవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

నేను కల్పించుకున్నాను. "సార్, ఇరవైకి ఇరవై అవే బాణాల మీటలు ఎట్ల సార్ చెడిపోతాయి? మిగతా మీటలన్నీ బాగుండాయి కదా."

"ఇరవైకి ఇరవై బొట్టు పెట్టింది కదప్పా" అన్నాడు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. ఏం చెప్పాలి ఆ మనిషికి? మధ్యాహ్నానికల్లా ఆఫీసులో అక్క పేరు మీద అరవంలో ఒక లెటరు టైపు చేయించాడు. అజాగ్రత్తగా కాలేజీ వస్తువులు పాడు చేశాను కాబట్టి నా అంతట నేనే పని మానుకుంటున్నాను, అని. సాయంత్రం ఐదింటికి ఆమె వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే పర్మనెంటు కాదు సరికదా, పోలీసు కంప్లయింటు ఇస్తానన్నాడు. ఎనిమిదేళ్లు, రెండు బస్సులు, ఆ రంగుల బ్రష్షు, ఒక్క కుంకుమ చుక్కకు అన్నీ పోయాయి. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మెషీను లోపల ఏం జరుగుతుందో తెలియనివాడికి దొరికింది ఆ చుక్క!

ఐదింటిలోగా తేల్చాలని కూర్చున్నాను. మొదట పైథాన్ నుంచి బయటికి వచ్చాను. మామూలు లైనక్స్ తెర మీద పైబాణం నొక్కితే ఇందాకటి కమాండు చక్కగా తిరిగొచ్చింది. మళ్లీ పైథాన్ లోపలికి పోయి నొక్కాను. చెత్త. బయటికి వస్తే బాగుంది, లోపలికి పోతే చెత్త. కుంకుమ లోపలికి పోయిన కీబోర్డు పైథానులో ఒక రకంగా, బయట ఒక రకంగా నడుస్తుందా? స్టోరులో సీలు తీయని కొత్త కీబోర్డు ఉంటే తెచ్చి తగిలించాను. చందనం వాసన కూడా తగలనిది. దాంట్లోనూ పైథానులో అదే టోపీ, అవే బ్రాకెట్లు, అదే ఏ.

ఇది చాలదని నాకు తెలుసు. హెడ్డుకు కళ్లారా చూపించాలి. ఆయన గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. దాని కీబోర్డుకు పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు తొడిగించుకున్నాడు, దుమ్ము పడకూడదని. పూజ రోజు తన గదికి తాళం వేసుకున్నాడు కాబట్టి అక్క చెయ్యి దానికి తగల్లేదు. నేను పోయి, అడక్కుండానే, ఆయన కీబోర్డు నుంచి సర్వరులోకి పోయి, పైథాన్ తెరిచాను.

"సార్, మీ వేలితో మీరే పైబాణం నొక్కండి."

నొక్కాడు. టోపీ, బ్రాకెట్లు, ఏ. గట్టిగా నొక్కాడు. మళ్లీ అదే. నాలుగోసారి పొడిచినట్టు నొక్కాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? "తొడుగు సందులో నుంచి పోయిందేమో అప్పా." తాళం వేసిన గదిలోకి, తొడుగు సందులోకి, కుంకుమ నడిచి పోయిందట! నేను నవ్వలేదు. నవ్వే స్థితిలో లేను.

"తప్పు కీబోర్డులో లేదు సార్, సర్వరులో ఉండాది. అందుకే ఎక్కడ నుంచి నొక్కినా ఇదే వస్తాది."

"అట్లయితే ఎవురు చేసినట్టు?"

"ఐదింటికి చెప్తాను" అని బయటపడ్డాను. ఎవడో గానీ వాడు దొరికితే ఉతికి ఆరేద్దామన్నంత ఊపులో ఉన్నాను.

సర్వరు ముందు కూర్చుని ఆలోచించాను. పాత లైను తిరిగి తెచ్చే పనిని పైథాన్ సొంతంగా చేయదు. రీడ్‌లైన్ అనే ఒక లైబ్రరీ, అంటే ఒక తోడు ప్రోగ్రాము, చేత చేయించుకుంటుంది. అది తోడు లేకపోతే బాణం మీట పంపిన గుర్తులను అలాగే తెర మీద కక్కుతుంది. రీడ్‌లైన్ ఉందా అని పైథానునే అడిగాను. ఆ పేరుతో మాడ్యూలు లేదంది. ఎందుకు లేదు? కట్టిన రోజు తెర మీద పారిన లైన్లను ఒక ఫైలులో దాచే అలవాటు నాకుంది. ఆ ఫైలు తెరిచి వెతికాను. వందల లైన్ల మధ్య, రీడ్‌లైన్ కోసం చూస్తున్నానని ఒక లైను. దాని చివర చిన్నగా, మర్యాదగా, "నో" అని ఉంది. ఆ నో చెప్పేసి, ఆగకుండా మిగతా పని చేసుకుపోయింది. దానికి కావాల్సిన ఫైళ్లు రెండో సీడీలో ఉన్నాయి.

రెండో సీడీ. పూజ బల్ల మీద చామంతుల కింద ఉన్నది. నేను చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నది.

నా కోపమంతా ఒక్కసారి నా వైపే తిరిగింది. పొద్దుట్నుంచి గుమ్మడికాయల దొంగను వెతుకుతూ ఊరంతా తిరిగి, చివరికి నా భుజాలే తడుముకున్నాను. హెడ్డును ఏమేం తిట్టుకున్నానో అవన్నీ నాకే తగిలాయి. తెర మీద రాసి మరీ చెప్పిన మాటను చదవకుండా బస్సెక్కినవాణ్ణి నేను.

అక్క అద్దాల గది బయట నిలబడి ఉంది. పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుంటుందనుకున్నాను. ముఖం ఇంకా వాడిపోయింది.

"అయితే నా తప్పే కదప్పా. ఆ పొద్దు నువ్వు సీడీ బిళ్ళ అడిగితివి. నేను ముట్టొద్దంటిని. ఇచ్చింటే ఇంత వచ్చుండదు. పోనీలే, సంతకం పెట్టేస్తాను. నీ పేరు ఎందుకు బయటికి రావల్ల, పెళ్లి కావాల్సినోడివి."

"నువ్వు ముట్టొద్దంటివి, నిజమే. కానీ అది లేకుండా కట్టమని యాడ చెప్పినావు? మరుపూజ అయినాక తీసిస్తానంటివి. ఈ పొద్దు నువ్వే తెచ్చి నా టేబుల్ మీద పెట్టినావు కూడా. ఆగలేనిది నేను. నువ్వు సంతకం గింతకం అంటే నేనే ఊరుకోను" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. తిట్టింది నన్నే గానీ, పాపం ఆమె బెదిరిపోయింది.

డబ్బాలోంచి రెండో సీడీ తీశాను. కవరు మీద కుంకుమ మరక, ఒక చామంతి రేకు అంటుకుని ఉన్నాయి. ఫైళ్లు ఎక్కించి, పైథాన్ మళ్లీ మొదటి నుంచి కట్టాను. ఈసారి ప్రతి లైనూ చదివాను. రీడ్‌లైన్ దగ్గర "యెస్" అంది. ఒక తప్పు లైను కొట్టి పైబాణం నొక్కితే, ఆ లైను బుద్ధిగా తిరిగి వచ్చి నిలబడింది. బొట్టు పెట్టిన కీబోర్డు మీదే నొక్కాను.

ఐదింటికి హెడ్డు గదికి పోయాను. టేబుల్ మీద ఆ లెటరు, దాని మీద గాజు బరువు. నేను నిలబడే చెప్పాను. "తప్పు నాది సార్. తొందరపడి, ఒక సీడీ లేకుండానే కట్టేసినాను. తెర మీద చెప్పింది, నేను చదవలేదు. ఇప్పుడు సరిచేసినాను." ఇక తిట్లు తప్పవని తల వంచుకున్నాను. ఉద్యోగం పోయినా పోతుందనే అనుకున్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. "ఓహో, అట్లనా! దీనికింత ముఖం ఏందప్పా? నేర్చుకునేటప్పుడు ఇట్లాంటివి అవుతానే ఉంటాయి. ఎక్స్‌పీరియన్స్ అంటే ఇదే. కూర్చో, కూర్చో." గంట నొక్కాడు. "రెండు టీ."

టీ తెచ్చింది ఎవరు? ఆమే. ట్రేలో రెండు గ్లాసులు పెట్టుకుని వచ్చి, తన లెటరు పక్కనే ఒకటి పెట్టి, నా ముందర ఒకటి పెట్టింది. సీడీలు పూజ బల్ల మీద ఉన్న సంగతి హెడ్డుకూ తెలుసు; ఒక గుక్క తాగి, ఆమె వింటుండగానే అన్నాడు. "ఏదేమైనా ఆయమ్మ పూజ వల్లనే కదా ఇదంతా."

ఇక నా వల్ల కాలేదు. "తప్పు ఒకటే సార్!" అని లేచాను. "పొద్దున అది ఆమెది అనుకున్నప్పుడు పోలీసు కంప్లయింటు అయింది. ఇప్పుడు నాది అని తెలిస్తే ఎక్స్‌పీరియన్స్ అయిందా? ఆమెకు లెటరు, నాకు టీనా? నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి, ఆమె చీపురు పట్టేది, అంతే కదా తేడా!" గాజు బరువు తీసి పక్కన పెట్టి, ఆ లెటరును నాలుగు ముక్కలు చేశాను.

"గొంతు తగ్గించప్పా" అన్నాడంతే. నన్ను ఏమీ చేయలేదు. నన్ను పంపేస్తే మర్నాడు ఫ్యాక్టరీ వాళ్ల ముందు ల్యాబు నడిపేవాడు లేడు, అదీ అసలు సంగతి. మర్నాడు వాళ్లు వచ్చారు. హెడ్డు పైబాణం నొక్కి నొక్కి చూపించాడు. వాళ్లు తలలూపి, భోంచేసి పోయారు. దీపావళికి రావాల్సిన పర్మనెంటు ఆర్డరు నెల ఆలస్యంగా వచ్చింది. ఆమెకు తప్పైపోయిందని ఎవరూ ఒక్క మాట అనలేదు. పిల్లల ముందు తిట్టినాయన పిల్లల ముందు ఏమీ చెప్పలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ చెప్పలేదు. గదిలో లెటరు చింపడానికి వచ్చిన ధైర్యం, క్లాసులో నిలబడి "అది నా తప్పు" అనడానికి రాలేదు. కుంకుమ వల్ల కీబోర్డులు చెడిపోయాయనే మాట కాలేజీలో చాలా కాలం తిరిగింది.

మరుసటి ఏడు ఆయుధపూజ వచ్చింది. అక్క ఎప్పటిలాగే సంచి నిండా చామంతులు తెచ్చింది. పటానికి పెట్టింది, తలుపులకు పెట్టింది, తన చీపురుకు, బకెట్టుకు, తాళాల గుత్తికి, ఆ రంగుల బ్రష్షుకు బొట్లు పెట్టింది. ఇరవై కీబోర్డులూ బోసిగా ఉన్నాయి.

"అక్కా, వీటికి మరిచిపోయినావా?" అన్నాను.

"మరిచిపోలేదప్పా. నేను పెడితే నాకు లెటరు వస్తాది. నువ్వు పెట్టు, నీకయితే టీ ఇస్తారు."

నవ్వుతూనే అంది. చందనం గిన్నె నా చేతిలో పెట్టి, పిల్లలకు బొరుగులు పంచడానికి పోయింది.